వెదురుపీకలో ఆకాశము

మన పురాణగోష్ఠులలో వెదురును గూర్చిన మాట యొకటి చిరకాలమునుండి వినవచ్చుచున్నది. వెదురు లోపల బోలుగా నుండుటచేతనే కృష్ణుని పెదవి నందుకొనగలిగినదనియు, మనుజుడును తన యంతరంగమును అట్లే ఖాళీ చేసికొన్నచో భగవంతుడు తన యూపిరిని అందులో నింపి పలికించుననియు పౌరాణికులు చెప్పుదురు. శ్రోతలు కన్నులు చెమర్చ తలలూపుదురు. భాగవత దశమస్కంధమునందు గోపికలు ఈ వేణువు పూర్వమేమి పుణ్యము చేసికొన్నదో యని తమలో తామాశ్చర్యపడిన ఘట్టమే ఈ యుపదేశమునకు ఊతమైనది. ఆ ఘట్టముపై నాకును అపారమైన ప్రీతి కలదు. కాని వేసవి సెలవులలో చెఱువుగట్టున మఱ్ఱినీడను పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని వెదురుముక్కలతో ఈలలు చేయించుట అలవాటైన నాకు, ఆ యుపదేశములో సగమే చెప్పబడినదనియు, చెప్పబడక మిగిలిన సగము మనుజుని బ్రతుకునకు మఱింత దగ్గఱిదనియు నానాటికి దృఢముగా తోచుచున్నది.

రెండు కొనలును తెఱచియున్న వెదురుగొట్టమును ఏ పిల్లవానికైనను ఇచ్చి ఊదుమనుడు. వాడు బుగ్గలు పూరించి, కన్నులు పెద్దవి చేసి, ఉన్న యూపిరి నంతయు లోనికి పంపును. అది ఈ కొనను ప్రవేశించి ఆ కొనను వెడలిపోవును. ఒక నిట్టూర్పు తప్ప మఱేమియు వినబడదు. అంతకన్న బోలైన వస్తువు లేదు. అయినను అది మూగయే. బోలుతనమే చాలునేని వెదురుపొదలన్నియు అహర్నిశలు పాడుచుండవలసినది. గాలికి మ్రోగు వెదుళ్లకు కీచకములని అమరకోశము పేరు పెట్టినది. హిమాలయమున గాలి ఆ కీచకముల రంధ్రములను పూరించుటను కాళిదాసు కుమారసంభవ ప్రథమసర్గమున వర్ణించెను. కాని అచ్చటను పలుకునది రంధ్రము పడిన వెదురే. ఏ గాటును ఎఱుగని వెదురు కాదు.

ఈల చేయు విధమును కొంచెము వివరముగా చెప్పవలసియున్నది, ఏలయన నా వాదమంతయు ఆ పనిలోనే కలదు. బొటనవ్రేలి లావున నున్న, బాగుగా ఎండిన వెదురును తీసికొని, కణుపునకు దిగువ ఒక కోతయు, అచ్చటినుండి 12 సెంటీమీటర్ల మీద మఱొక కోతయు కోసినచో, ఒక కొన కణుపుచే మూయబడి, రెండవ కొన తెఱచియుండు గొట్టము వచ్చును. తెఱచిన కొననుండి 3 సెంటీమీటర్ల దూరమున నిలువుగా ఒక గాటు, దాని కెదురుగా ఏటవాలుగా మఱొక గాటు పెట్టి నడిమి ముక్కను లేపివేసినచో చిన్న కిటికీ యేర్పడును. ఏటవాలు గాటు దిగినచోట అంచు పలుచగను సూటిగను ఉండవలెను. పిదప, ఏటికొప్పాక బొమ్మలకు వాడు అంకుడుకఱ్ఱ వంటి మెత్తని కఱ్ఱతో బిరడా చెక్కి, దాని పైభాగమును మాత్రము ఒక మిల్లీమీటరు మేర చదునుగా గీసి, కిటికీ మొదటి గోడవఱకు జొనుపవలెను. ఆ చదునైన చోట బిరడాకును వెదురునకును నడుమ మిగిలిన సన్నని సందే ఊపిరికి దారి. ఆ సందునుండి వెడలిన గాలిపొర కిటికీని దాటి ఎదుటి యంచును తాకి, ఒకమాఱు లోనికిని ఒకమాఱు వెలుపలికిని ఊగిసలాడును. లోపల నిలిచియున్న గాలి ఆ యూగిసలాటను తన పొడవునకు తగిన వేగమునకు కట్టివేయును. కిటికీనుండి కణుపువఱకు 8 సెంటీమీటర్ల లోతున్నచో ఆ వేగము సెకనుకు సుమారు 1,000 కంపనములు. లోతు సగమైనచో కంపనములు ఇంచుమించు రెట్టింపై స్వరము హెచ్చును.

ఇందులో ఊపిరికి స్వేచ్ఛ నిచ్చిన దేది? ఏదియు లేదు. కణుపు దానిని ఆపినది, బిరడా ఇఱుకున పెట్టినది, అంచు చీల్చినది, గోడలు కొలతకు లోబఱచినవి. ఇన్ని ఆటంకములను దాటిన గాలియే పలికినది. ఆటంకము లేని గాలి పలుకలేదు.

నిరుటి వేసవిలో ఎనిమిదితొమ్మిదేండ్ల బాలిక యొకతె, తోడివారి ఈలలు గట్టుపొడవున మ్రోగుచుండగా, తనది మాత్రము పలుకనందున ముఖము చిన్నబుచ్చుకొని కూర్చుండెను. ఊపిరికి దారి చాలలేదని ఆమె నిశ్చయము. కావున బిరడాను మఱింత గీసెను, పలుకలేదు. ఇంకను గీసెను, బుసబుస తప్ప ఏమియు లేదు. తుదకు బిరడాను పెఱికి ఒడిలో పడవేసికొని ఊదెను. అప్పుడు ఆ బుసయు పోయినది. ఆ గొట్టమును అందుకొని నేనే సరిచేయవలెనని చేయి తహతహలాడినది గాని ఆపుకొంటిని. క్రొత్త కఱ్ఱముక్క నిచ్చి, ఈసారి మునుపటికన్న బిగువుగా చెక్కుమంటిని. “బిగువుగా చెక్కితే గాలి ఇంకా పోదు కదా, తాతగారూ?” అని సందేహించెను, సందేహించుచునే చెక్కెను. అది జొనిపి ఊదునప్పుడు ఆమె చూపుడువ్రేలిని కిటికీయొద్ద ఉంచుమంటిని. సన్నని చల్లని గాలిపొర వ్రేలికొనను తాకినది. ఆకాశమునుండి వాయువు పుట్టెనని తైత్తిరీయోపనిషత్తు. ఆకాశమునకు శబ్దము, వాయువునకు శబ్దముతోపాటు స్పర్శయు గుణములని వేదాంతుల లెక్క. ఆ బాలికకు మాత్రము స్పర్శ ముందు తెలిసినది, శబ్దము తరువాత. గాలి అంచునకు పైగా పోవుచున్నదని ఆ వ్రేలే ఆమెకు చెప్పినది. బిరడాను గోరంత వెనుకకు లాగి, అంచు క్రింద నిలిచిపోయిన పీచును చాకుమొనతో తీసివేసినంతనే ఈల పలికినది. ఆవలిగట్టున మేయుచున్న గేదెలు తలలెత్తి చూచినవి. ఆమె దానిని పెదవులనుండి తీసి, కిటికీలోనికి ఒక కంటితో చూచి, అడిగిన ప్రశ్న ఇది: “ఈ ఈల ఇందులో ముందే ఉందా, నేను పెట్టానా?”

ఈ ప్రశ్నకై మన దార్శనికులు శతాబ్దములు వాదించిరి. నువ్వులనుండి నూనె వచ్చునుగాని ఇసుకనుండి రాదు. కావున కార్యము కారణమునందు అవ్యక్తముగా ముందే కలదని సాంఖ్యులు పలికిరి. ముందే ఉన్నచో చేయువాని శ్రమకు ప్రయోజనమేమి, కార్యము అపూర్వముగా పుట్టుచున్నదే కాని దాగియుండి బయటపడుట లేదని నైయాయికులు బదులు చెప్పిరి. శబ్దము విషయమున వివాదము మఱింత తీవ్రమైనది. వర్ణములు నిత్యములనియు, మన కంఠమును తాలువులును వానిని వ్యక్తము చేయునే కాని పుట్టింపవనియు మీమాంసకులు పట్టుపట్టిరి. అయితే ఈలకూత వర్ణము కాదు, వట్టి ధ్వని. అది పుట్టి నశించునని ఒప్పుకొనుటకు వారికిని అభ్యంతరము లేదు.

ఈ సందర్భమున అన్నంభట్టును స్మరింపకుండుట నాకు సాధ్యము కాదు. 17వ శతాబ్దమున వెలసిన ఆ యాంధ్ర పండితుడు, కాశికి పోయినంత మాత్రమున ఎవడును అన్నంభట్టు కాజాలడను లోకోక్తికి పాత్రుడైన మహామహుడు, తన తర్కసంగ్రహమును బాలురకు సుఖముగా బోధపడుటకై రచించుచున్నానని మంగళశ్లోకమునందే చెప్పుకొన్నాడు. దానికి తానే వ్రాసికొన్న దీపికలో శబ్దము పుట్టు తీరులను వివరించుచు, భేరికి కఱ్ఱ తగులుటచే పుట్టునది సంయోగజమనియు, వెదురును చీల్చునప్పుడు రెండు దళములును విడివడుటచే పుట్టు చటచటధ్వని విభాగజమనియు, ఆ చోటినుండి చెవివఱకు ఒకదానినుండి మఱొకటిగా పుట్టుచు వచ్చునవి శబ్దజములనియు ఉదాహరించెను. బాలురకై గ్రంథము వ్రాయబూనిన తార్కికునికి ఉదాహరణముగా చేతికందినది వెదురే యగుట నా కెంతయో హృద్యముగా నున్నది. చెఱువులో ఱాయి పడినచోటినుండి అల వెంట అల లేచినట్లు శబ్దము వ్యాపించునని ఒక పక్షము, కదంబపు మొగ్గ అన్ని వైపులకును ఒక్కసారిగా విచ్చినట్లని మఱొక పక్షము నైయాయికులలో కలవు. గట్టున కూర్చున్న పిల్లలకు మొదటి పక్షము చూపుటకు ఒక గులకఱాయి చాలును.

ఆ బాలికకు నేను చెప్పిన సమాధానము పొట్టిది. “బోలు వెదురులో ముందే ఉంది. ఊపిరి నీలో ముందే ఉంది. అడుగున ఒక గోడ వెదురే పెట్టుకుంది. ఇవతలి గోడ నువ్వు పెట్టావు, తల్లీ.” ఇది ఏ దర్శనమునకును పూర్తిగా చెందిన సమాధానము కాదని యెఱుగుదును. సాంఖ్యుడు బోలును ఊపిరిని చూచి తాను గెలిచితి ననవచ్చును. నైయాయికుడు గాటును బిరడాను చూచి తాను గెలిచితి ననవచ్చును. నా దృష్టి నిలిచినది గోడలమీద.

గోడలను గూర్చి మన వేదాంతము చాల చెప్పినది. గౌడపాదాచార్యుడు మాండూక్యకారికల మూడవ ప్రకరణమున ఘటాకాశమును దృష్టాంతముగా గ్రహించి, కుండలోని ఆకాశము మహాకాశముకన్న వేఱు కాదనియు, కుండ పగిలినప్పుడు అది మహాకాశమున లీనమైనట్లు జీవుడును ఆత్మయందు లీనమగుననియు ప్రతిపాదించెను. కుండ ఉపాధి, అనగా హద్దు కల్పించునది; శరీరము ఉపాధి. ఈ దృష్టాంతము విన్న సామాన్యుని మనస్సున కుండ యెడల ఒక యేవగింపు కలుగును: ఈ గోడలు లేకున్న ఎంత బాగుండునో యనియు, దేహము, ఇల్లు, బంధువులు, వృత్తి, పుట్టిన ఊరు, పరిమితమైన ఆయువు, ఇవన్నియు పగులగొట్టవలసిన కుండలే యనియు అతడు తలపోయును. అయితే అదే ప్రకరణమున ఆచార్యుడు మఱొక మాటయు చెప్పెను: ఆకాశమునకు భేదము లేకున్నను, ఆయా కుండలకు రూపమును కార్యమును పేరును వేఱువేఱుగా నుండును. ఆ ‘కార్యము’ అను మాటకడ నేనాగిపోవుదును. పిల్లల చేతులలోని వెదురుముక్కలన్నిటిలోను ఉన్నది ఒకే ఆకాశము. ఒక్కటియు మఱొకదానివలె పలుకదు. మహాకాశము అసలే పలుకదు.

ఇంకను వింతయైన విషయము చెవి. చెవిదొప్పచే పరిమితమైన ఆకాశమే శ్రోత్రేంద్రియమని న్యాయవైశేషికుల సిద్ధాంతము. ఈలవంటి ధ్వనికి ఆశ్రయము ఆకాశము కాదు, వాయువనియే నేటి భౌతికశాస్త్రము చెప్పును. మీమాంసకులలో భాట్టులు కూడ ధ్వని వాయుగుణమనియే తలంచిరి. నేనును ఆ విషయమున వారి పక్షమే. కాని శ్రోత్రమును గూర్చిన తార్కికుల భావనలో నన్ను వదలని సత్యాంశ మొకటి కలదు. పలుకుటకు ఒక పరిమితమైన చోటు కావలెను. వినుటకును మఱొక పరిమితమైన చోటు కావలెను. ఈ కొననున్న పిల్లవాని వెదురుపీకకును ఆ కొననున్న పిల్లదాని చెవికిని నడుమ సంభవించినదంతయు రెండు చిన్న హద్దుల నడుమ సంభవించినదే. హద్దులు తొలగించినచో ఐక్యము మిగులునేమో. పలుకరింపు మాత్రము మిగులదు.

అద్వైతి యిచ్చట ఊరకుండడు. “శబ్దము వ్యవహారము, వ్యవహారమంతయు ఉపాధికృతము, ఉపాధి లేనిదే ఈల లేదనుట మాకును సమ్మతమే, మేము వెదకునది ఈలను కాదు” అనును. నేనాతనితో కలహింపను, ఆతడు వెదకునది నా బుద్ధి కందనంతటి పెద్దది. నా కలహము ఉపాధిని నిరంతరము దూషించుటయే ఆధ్యాత్మికమని బోధించు అలవాటుతో. అది విని పెరిగిన పిల్లలు తమ దేహమునే, తమ చిన్న యూరినే, తమ కొద్దిపాటి శక్తినే చులకనగా చూచుట నేర్చుకొందురు. ఉత్పలమాల పాదమునకు ఇరువది అక్షరములే కలవు, పదియవ యక్షరమున యతి కుదురవలెను, ప్రాస తప్పరాదు. ఇవి లేనిచో మన కవులు ఇంకను గొప్పగా పాడియుండెడివారని నేను నమ్మజాలను. ఏకాదశినాడు ఉపవసించు ముసలమ్మ తన దినమునకు ఒక గోడ పెట్టుకొన్నది; ఆ దినము ఆమెకు తక్కిన దినములకన్న నిండుగా నుండును. పరమేశ్వరుని సృష్టిలో కణుపునకు కూడ ఒక ప్రయోజన మున్నదని నా విశ్వాసము.

ఇంత చెప్పి, ఒక హెచ్చరిక చేయకున్నచో అన్యాయమగును. ఆటంకములన్నియు పవిత్రములని దీనికి అర్థము కాదు. బిరడాపై సందు గీయకుండ బిగగొట్టినచో ఆ గొట్టము ఎన్నటికిని పలుకదు. అట్టి గోడలను మన సంఘము తరతరములుగా కట్టినది, నేటికిని కట్టుచున్నది. ఆడపిల్ల చేతికి చాకెందుకని అడ్డుపడిన పెద్దలను ఈ చెఱువుగట్టుననే చూచితిని. ఒకరి పుట్టుకను చూపి చదువు వలదన్నవారు, ఇంకొకరి పేదఱికమును చూపి ఇది నీ ప్రారబ్ధమన్నవారు తాము పెట్టిన బిరడాకు దైవము పేరు పెట్టిరి. నిజమైన హద్దును గుర్తించుటకు గుఱుతు ఒక్కటే: దానిలో ఊపిరికి దారి యుండవలెను. దారి లేనిది ఉపాధి కాదు, ఉరి.

ఇక కర్తృత్వము మాట. ఈల పలికిన పిల్లవాడు “నేనే చేశా” నని గట్టంతయు పరుగులెత్తును, ఎత్తనిండు. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ఏ కర్మమునకైనను అధిష్ఠానము, కర్త, కరణములు, నానావిధములైన చేష్టలు, దైవము అని అయిదు హేతువులు చెప్పబడినవి. కేవలము తానే కర్తయని తలచువాడు సరిగా చూచువాడు కాడనియు చెప్పబడినది. ఈ శ్లోకములను వినయబోధకై పిల్లలకు వినిపించువా రెందఱో కలరు. నాకు వానిలో వినయముకన్న ముందు వాస్తవము కనబడుచున్నది. ఆ యైదింటిలో కర్తయు ఉన్నాడు. గీత అతనిని తీసివేయలేదు, నలుగురి నడుమ కూర్చుండబెట్టినది. ఆ బాలిక చెక్కనిచో బిరడా లేదు. కణుపును మాత్రము ఆమె చెక్కలేదు. వెదురు కొండవాన త్రాగి పెరుగుచున్న కాలమున, ఏ పిల్లయు ఎఱుగని వేళ, తనంతట తానే అడ్డుగోడ వేసికొన్నది. ఆ గోడ లేకున్న ఆమె శ్రమ వ్యర్థము. ఆమె శ్రమ లేకున్న ఆ గోడ వ్యర్థము. చెప్పి నమ్మించవలసిన సిద్ధాంతము కాదిది. గొట్టమును తిరుగవేసి చూచినచో అడుగున కనబడును.

వెదురుపీక చిరకాలము నిలువదు. తడియారని వెదురుతో చేసినది ఎండి నిలువునా పగులును. ఎండినదైనను బండిచక్రము క్రిందనో, తమ్ముని పండ్ల నడుమనో అంతమగును. పగిలిన పీక పట్టుకొని ఏడ్చుచున్న పిల్లవానికి, లోపలి ఆకాశమునకు ఏ హానియు కలుగలేదని చెప్పుటకు నాకు నోరాడదు. ఆ మాట నిజమే. కాని వాడు ఏడ్చుచున్నది ఆకాశముకొఱకు కాదు; తాను చెక్కిన, తన పండ్లగాటు పడిన, తన చెవికి మాత్రమే గుఱుతు తెలిసిన ఒక్క స్వరముకొఱకు. ఆ దుఃఖము అజ్ఞానమని నేననను. పరిమితమైనదానిని ప్రేమించినవాడు దాని నాశమునకు ఏడ్చుట ప్రేమ చెల్లించు సుంకము. దానిని ఎగగొట్టుటకు వేదాంతమును వాడుకొనుట వేదాంతమునకే అపచారము. వాని ప్రక్కన కూర్చుండి, కన్నీరారిన పిదప, మఱొక వెదురుముక్క చేతికిచ్చుట ఒక్కటే నేను చేయగలది.

ఈ వ్యాసమును చదువుచున్నవారిలో తాతలు, అమ్మమ్మలు, మేనమామలు, ఉపాధ్యాయులు ఉన్నచో వారికొక విన్నపము. వేసవి సెలవులలో ఒక ప్రొద్దుటిపూట పిల్లలను ఏటిగట్టునకో తోటకో తీసికొనిపొండు. పెండ్లిపందిరి విప్పినచోట ఎండువెదురుముక్కలు దొరకును. చాకు పదునుగా నుండవలెను. జాఱి చేతిని కోయునది మొద్దుచాకే. కోత తమవైపు గాక అవతలికి సాగునట్లు మొదటనే నేర్పుడు. ఆడపిల్లలకును చాకు నిండు. ఈల పలుకనప్పుడు మీ చేతులు వారి గొట్టముకొఱకు తొందరపడును. అప్పుడు మీరు చేతులు కట్టుకొని కూర్చుండి, బిరడాను మాత్రము వారిచేతనే మఱల చెక్కింపుడు.